తూటాలు దొరకని పిస్తోలు

అమెరికాలో పిస్తోలు కొనటానికి చాలాచోట్ల ఒక పూట చాలు. దానికి తూటాలు దొరకటం వేరే సంగతి. షాపు గోడ నిండా 9 ఎం.ఎం. పెట్టెలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. పక్కన .45, .38, .22 ఉంటాయి. "పాయింటు త్రీ టూ ఆటో" అని అడిగితే కౌంటరు దగ్గర కుర్రాడు ముందు మన ఉచ్చారణ తేడా అనుకుంటాడు. రెండోసారి చెబితే వంగి కింది అర వెతికి, దుమ్ము దులిపి ఒక పెట్టె తీస్తాడు, లేదా లేదంటాడు. ఉన్న రోజున కూడా ధర 9 ఎం.ఎం.కి రెట్టింపు దాకా పలుకుతుంది. 2020, 2021 సంవత్సరాల కరువులో మా ఊళ్ళో నెలల తరబడి ఆ ఒక్క పెట్టె కూడా కంటబడలేదు.

మన పిక్నిక్కుల్లో ఇళ్ళ ధరలు, పిల్లల కాలేజీలు, గోంగూర విత్తనాలు అన్నీ మాట్లాడుకుంటాం గాని, ఇంట్లో తుపాకీ ఉన్నవాళ్ళు ఆ మాట పైకి అనరు. అంటే "నీకెందుకయ్యా అది?" అని ఒకరు, "దొంగలు పడ్డారా ఏమిటి?" అని మరొకరు అడుగుతారు. దొంగలు పడలేదు. నేను మెకానికల్ ఇంజనీరుని. వందేళ్ళ కిందట ఎవరో చేసిన యంత్రం ఈనాటికీ చెప్పినట్టు పనిచేస్తుంటే దాన్ని చేతిలో పట్టుకుని చూడాలనిపిస్తుంది. అంతకుమించి నా దగ్గర గొప్ప కారణమేమీ లేదు. సంపాదకులవారు దాని సంగతి రాయమన్నారు కనక రాస్తున్నాను. కొన్న ధర మాత్రం రాయను. మా ఆవిడ ఈ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది.

నా దగ్గరున్నది కోల్టు కంపెనీ 1903 మోడలు పాకెట్ పిస్తోలు. దీన్ని రూపొందించినవాడు జాన్ బ్రౌనింగ్. యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ ఊరివాడు, తుపాకులు చేసే తండ్రికి కొడుకు. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డులో 1903 నుంచి 1945 దాకా .32 తూటాకు ఇవి అయిదు లక్షల డెబ్బయి వేల పైన తయారయ్యాయి. నాది 1920ల నాటిది. బరువు సుమారు 680 గ్రాములు. మేగజైనులో (మన పత్రిక కాదు, తూటాలు పెట్టే డబ్బా) ఎనిమిది పడతాయి. దీనికి "హేమర్‌లెస్" అని పేరు. అసలు హేమరు ఉంది, పైన స్లైడు కింద దాక్కుని ఉంటుంది, జేబుకు తగులుకోకుండా. స్లైడు మీద "32 రిమ్‌లెస్ స్మోక్‌లెస్" అని చెక్కి ఉంటుంది. తూటాకు రిమ్ము లేదని దాని అర్థం. చేత్తో పట్టుకుని గోటితో రాస్తే అంచు తగులుతుంది, సన్నటి సగం అంచు. పేరులో ఒక అబద్ధం, ముద్రలో ఒక అబద్ధం ఉన్నా యంత్రం మాత్రం నిజాయితీ గలది. స్క్రూడ్రైవరు అక్కర లేకుండా విప్పవచ్చు. స్లైడు మీద గీత ఉన్నచోటికి వెనక్కి లాగి, గొట్టాన్ని పక్కకు తిప్పితే ముక్కలు వాటంతట అవే చేతికొస్తాయి. ఆ పని మొదటిసారి చేసిన సాయంత్రం నేను అన్నానికి గంట ఆలస్యంగా వెళ్ళాను.

ఇక తూటా. ఇది కూడా బ్రౌనింగ్ పెట్టినదే. 1899లో బెల్జియంలో హెర్‌స్టాల్ అనే చోట ఫాబ్రిక్ నాసియొనాల్ కంపెనీ కోసం పుట్టింది. యూరపులో దీన్ని 7.65 బ్రౌనింగ్ అంటారు, ఇక్కడ .32 ఎ.సి.పి. అంటారు. ముందుండే గుండు బరువు మామూలుగా 71 గ్రెయిన్లు. గ్రెయిను అంటే మనవాళ్ళకు కొత్త కాదు. 180 గ్రెయిన్లయితే పాత లెక్కన ఒక తులం. అంటే ఈ గుండు తులంలో అయిదింట రెండు వంతులు. 9 ఎం.ఎం.తో పోలిస్తే దీని దెబ్బ మూడో వంతు కంటె కాస్త ఎక్కువ, అంతే.

అయినా యూరపులో డెబ్బయి ఏళ్ళపాటు పోలీసు తూటా ఇదే. వాల్టర్ పి.పి., పి.పి.కె. దీనికే పేరుపడ్డాయి. 1958లో వచ్చిన "డాక్టర్ నో" నవలలో జేమ్స్ బాండు చేతిలోని బెరెట్టా లాక్కుని ఇచ్చిన పి.పి.కె. కూడా 7.65దే. 1972లో మ్యూనిచ్ ఒలింపిక్సులో జరిగిన ఘోరం తరవాత జర్మన్ పోలీసులు దీన్ని వదిలి 9 ఎం.ఎం.కు మారారు. అమెరికాలో ఇది ఎప్పుడూ జేబు పిస్తోలు తూటాయే గాని పోలీసుల అభిమానం పొందలేదు. సైన్యంలో జనరళ్ళకు మాత్రం ఇదే కోల్టు .32 చాలాకాలం ఇచ్చేవారు. వాళ్ళు కాల్చవలసిన అవసరం అరుదు కనక సరిపోయింది కాబోలు.

తమాషా ఏమిటంటే ఇక్కడ అరుదైన ఈ అంకె మన దేశంలో చాలా మామూలు. 1959 ఆయుధాల చట్టం కింద 9 ఎం.ఎం., .45 లాంటి సైనిక తూటాలు "ప్రొహిబిటెడ్ బోరు". మామూలు పౌరుడికి వాటి లైసెన్సు రాదు. అందుకని కలెక్టరు ఆఫీసు చుట్టూనో, కమిషనరు ఆఫీసు చుట్టూనో తిరిగి లైసెన్సు తెచ్చుకున్నవాడికి చివరకు దక్కేది ఎక్కువగా .32. ఈషాపూర్ ఫ్యాక్టరీ పిస్తోలు, కాన్పూరు ఫ్యాక్టరీ రివాల్వరు రెండూ ఆ బోరువే. 2014లో ఆడవాళ్ళ కోసమని కాన్పూరులో చేసిన "నిర్భీక్" కూడా .32 రివాల్వరే.

మా మేనమామ దగ్గర కాన్పూరు రివాల్వరు ఉంది. దసరాకు దానికి కుంకం బొట్టు పెడతాడు, ఎన్నికలు వస్తే తీసుకెళ్ళి పోలీసుస్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకుంటాడు. ఈ రెండు పనులకు తప్ప అది బీరువా దిగటం నేను చూడలేదు. నాది కూడా ముప్ఫై రెండని తెలిసిన రోజున ఫోను చేశాడు.

"ఒరే, అక్కడ తూటాలు కిరాణాషాపులో అమ్ముతారటగా! వచ్చేటప్పుడు రెండు పెట్టెలు పడేసుకు రారా."

"నీ రివాల్వరుకు నా తూటా పనికిరాదు మావయ్యా."

"రెండూ ముప్ఫై రెండేగా?"

రెండూ ముప్ఫై రెండే, కాని ఒకటి కాదు. మావయ్యది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, 1896 నాటిది. గుల్ల పొడుగు 23 మిల్లీమీటర్లు, అడుగున పూర్తి అంచు ఉంటుంది. నాది 17 మిల్లీమీటర్లు. ఆ పొడుగు తూటా నా మేగజైనులో పట్టదు, కాబట్టి అటునుంచి భయం లేదు. భయం ఇటునుంచే. నా పొట్టి తూటా కొన్ని రివాల్వర్లలో జారి కూచుంటుంది, ఆ సగం అంచు మీద నిలబడుతుంది, పేలుతుంది కూడా. కాని రివాల్వరు తూటాకు అమెరికా పరిశ్రమ పెట్టిన ఒత్తిడి హద్దు చదరపు అంగుళానికి 15,000 పౌన్లు, నా తూటాకు 20,500. పట్టింది కదా అని కాల్చటం ప్రెషర్ కుక్కరు మీద ఇటుక పెట్టటం లాంటిది. ఇంటికి వెళ్ళినప్పుడు బంధువుల చేతిలో ".32" అన్న మాట వింటే, ఏ .32 అని అడగండి.

ఆ పొడుగు తూటాకు ఇంకో గౌరవం ఉంది. అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్తోలు కాల్చేవాళ్ళు ఎక్కువమంది వాడేది దాన్నే. మన జస్పాల్ రాణా 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో, మళ్ళీ 2006లో దోహాలో ఈ పోటీలోనే బంగారు పతకం గెలిచాడు. దోహాలో 590 పాయింట్లు చేసి అప్పటి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌చౌలో 25 మీటర్ల పిస్తోలులో వెండి పతకం తెచ్చినప్పుడు మా ఇంట్లో పాయసం చేసుకున్నాం. ఆమె కాల్చేది .22 అని నేను అంటే, పాయసానికి కేలిబరు అక్కర్లేదని మా ఆవిడ అంది.

తూటాలు దొరకనప్పుడు చేసుకోవటమే దారి. కాల్చిన తూటాలో ఇత్తడి గుల్ల మిగులుతుంది. పాత ప్రైమరు పొడిచి తీసేసి, గుల్లను అచ్చులో నొక్కి మళ్ళీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు కొట్టి, మందు పోసి, పైన గుండు కూచోబెడితే తూటా అవుతుంది. మా బేస్‌మెంటులో ఒక బల్లకు బిగించిన చేతిమర ఉంది. గారెల పిండి రుబ్బినంత శ్రమ కూడా కాదు. శ్రద్ధ మాత్రం వేరు.

ఇంత చిన్న తూటాలో పట్టే మందు రెండు గ్రెయిన్ల పైచిలుకు. ఖచ్చితంగా ఎంతో నేను రాయను. మందు రకాన్నిబట్టి, గుండునుబట్టి మారుతుంది, తయారీదారుల పుస్తకం చూసుకోవలసిందే. ఒక పౌను డబ్బాలో 7,000 గ్రెయిన్లు. అంటే సుమారు మూడు వేల తూటాలు. నెలకు ఒక పెట్టె, యాభై చొప్పున కాలిస్తే ఒక డబ్బా అయిదేళ్ళు వస్తుంది. పొదుపు బాగానే ఉంది. కాని కొలతలో రెండు పదో వంతుల గ్రెయిను తేడా వస్తే పెద్ద రైఫిలు తూటాలో లెక్కలోకి రాదు, ఇందులో పది శాతం అవుతుంది. అందుకే నాది పదో వంతు గ్రెయిను చూపించే త్రాసు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఒక రాత్రి మెట్లు దిగి వచ్చి, ఆ చిన్న పళ్ళెం, పటకారు, నా కళ్ళజోడు చూసి "ఏరా, కంసాలి పనిలో చేరావా?" అంది. బంగారమైతే తూకం తప్పినా డబ్బు పోతుంది, అంతే కదా అమ్మా అన్నాను. ఆవిడకు నచ్చలేదు. మర్నాటి నుంచి నేను కిందికి వెళ్ళిన ప్రతిసారీ పైన దేవుడి దగ్గర దీపం పెట్టింది.

రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒక గుల్లలో మందు రెండుసార్లు పడటం, ఒక గుల్లలో అసలు పడకపోవటం. మొదటిది భయంకరమని ఎవరికైనా తెలుస్తుంది. రెండోది కూడా తక్కువేం కాదు. ప్రైమరు ఒక్కటే పేలి గుండును గొట్టం మధ్య దాకా నెట్టి వదిలేస్తుంది. "తుస్సు" మన్న చప్పుడు విని ఆగాలి. ఆగకుండా రెండోది కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది. అందుకని యాభై గుల్లలూ చెక్క పలకలో నిలబెట్టి, గుండు పెట్టేముందు టార్చిలైటుతో వరసగా ప్రతి గుల్లలోకీ చూస్తాను. ఆ సమయంలో ఫోను మోగినా తియ్యను. మన సంఘం కార్యదర్శిగారికి నా మీద ఉన్న ఫిర్యాదుకు కారణం ఇదే.

చేసిన ప్రతి పెట్టెకూ నోటుబుక్కులో ఒక వరస ఉంటుంది. తేదీ, మందు, గుండు, ఎన్ని చేశాను, ఎన్ని కాల్చాను, ఎన్ని మిగిలాయి. 9 ఎం.ఎం. కాల్చే మిత్రులకు ఈ అలవాటు లేదు. వెయ్యి పెట్టె కొంటారు, కారు డిక్కీలో పది దొర్లుతుంటాయి, కోటు జేబులో రెండు ఉంటాయి, వాళ్ళ కంటికి అవి చిల్లర డబ్బులు. దొరకని వస్తువును మనం లెక్కపెట్టుకుంటాం. ఊళ్ళో బియ్యానికి లేని లెక్క ఏలకులకు ఉన్నట్టు.

ఈ లెక్క ఎందుకు అవసరమో చెబుతాను. ఇది తుపాకీ లేనివాళ్ళు కూడా చదవవలసిన సంగతి, ఎందుకంటే మన పిల్లలు ఇప్పుడు స్నేహితులతో రేంజీలకు వెళుతున్నారు. సరదాగా వెళ్ళి వస్తారు. భుజానికి తగిలించుకున్న బ్యాగు అడుగున, చిరిగిన లైనింగులో ఒక తూటా మిగిలిపోతుంది. నా తూటా మొత్తం పొడుగు అంగుళం కూడా లేదు, .22 అయితే ఇంకా సన్నటిది. వేసవిలో అదే బ్యాగుతో ఇండియా ప్రయాణం. ఇక్కడ స్కానరు కంటపడకపోయినా అక్కడ హైదరాబాదులోనో ఢిల్లీలోనో లోకల్ విమానం ఎక్కేటప్పుడు, లేదా తిరుగు ప్రయాణంలో పట్టుబడుతుంది. ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా కేసే. అలా అరెస్టయిన ప్రవాసుల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. తెలిసి ఉంచుకున్నది కాదని తేలితే కోర్టులు కొట్టేసిన కేసులు చాలా ఉన్నాయి. కాని అది తేలేలోగా పాస్‌పోర్టు, వకీలు, సెలవు, ఇక్కడి ఉద్యోగం అన్నీ మధ్యలో వేలాడతాయి. అమెరికాలో తాళం పెట్టెలో పెట్టి, చెప్పి, చెక్‌డ్ బ్యాగేజీలో పిస్తోలు పంపుకోవచ్చు గదా అన్న ధీమా సముద్రం దాటితే చెల్లదు. మా ఇంట్లో రేంజికి వెళ్ళే సంచి ఎర్రరంగుది. అది రేంజికి తప్ప కూరగాయలకు కూడా వెళ్ళదు. మావయ్య అడిగిన రెండు పెట్టెల సంగతి కూడా ఆయనకు ఇలాగే విప్పి చెప్పాను. "అయితే రెండు పెన్నులు పట్టుకురా" అన్నాడు.

ఇంట్లో పెట్టుకోవటం గురించి మా ఆవిడ పెట్టిన షరతులు మూడు. పిస్తోలు గోడకు బిగించిన ఇనప్పెట్టెలో ఉండాలి, తూటాలు వేరే గదిలో వేరే తాళం కింద ఉండాలి, రెండు తాళాల నంబర్లూ పిల్లల పుట్టినరోజులు కాకూడదు. మూడోది విన్నప్పుడు నవ్వాను గాని, మన ఇళ్ళల్లో సగం తాళాలు ఆ నంబర్లతోనే తెరుచుకుంటాయని మీకూ తెలుసు. 2020 నుంచి ఈ దేశంలో 1 నుంచి 19 ఏళ్ళ లోపు పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకీ. రోడ్డు ప్రమాదాలను దాటిపోయింది. మొత్తం తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. మనవాళ్ళ పిల్లల మీద మార్కుల బరువు ఎంత ఉంటుందో, ఒక చెడ్డ రోజున ఇంట్లో ఏం చేతికి అందకూడదో నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఇంటి రక్షణకని తలగడ కింద పెట్టుకోదలచినవాళ్ళు ఈ మాట ఆలోచించాలి. నా పిస్తోలు ఆ పనికి అసలే తగదు. పాత యంత్రం, లోపలి పిన్నును అడ్డుకునే మీట లేదు కనక గదిలో తూటా ఉండగా కింద పడితే పేలవచ్చు. దాన్ని ఖాళీగానే ఉంచుతాను.

కాల్చేటప్పుడు ఎలా ఉంటుందని అడుగుతారు. గొట్టం కదలదు కనక గురి బాగుంటుంది. అయితే గురి చూసే గూళ్ళు బియ్యపుగింజంత. నా వయసులో బైఫోకల్ కళ్ళజోడుతో ముందుగూడు కనిపిస్తే లక్ష్యం మసక, లక్ష్యం కనిపిస్తే గూడు మాయం. కంప్యూటరు కోసం చేయించుకున్న కళ్ళజోడు పెట్టుకుంటే గూడు స్పష్టమైంది, పది గజాల దూరంలో గుండ్లు సాసరంత చోట పడుతున్నాయి. కుదుపు తక్కువే, చేతికి చిన్న చెంపదెబ్బలా తగులుతుంది. పక్క వరసలో కుర్రాళ్ళు 9 ఎం.ఎం. దబదబా కాలుస్తుంటే నాది వాళ్ళ చప్పుడులో కలిసిపోతుంది. కాని ప్రతిసారీ ఎవరో ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి టోపీ వెనక్కి నెట్టి, "మా తాతకు ఇదే ఉండేది" అంటాడు. ఎనిమిది తూటాలు పెట్టి చేతికిస్తాను. ఆయన కాల్చి తిరిగి ఇచ్చేటప్పుడు ఇంగ్లీషులో చాలా సేపు మాట్లాడతాడు. చెవులకు మూత ఉండటం వల్ల సగమే వినపడుతుంది, కాని ఆయన మొహం చూస్తే చాలు.

కాల్పులు ఆపమన్న కేక వినపడగానే నేను వంగుతాను. 9 ఎం.ఎం. గుల్లలు నేలంతా గుట్టలు గుట్టలుగా ఉంటాయి, వాటి మధ్య నా చిన్నవి. బియ్యంలో రాళ్ళు ఏరిన చెయ్యి కనక నాకు కష్టం లేదు. యాభై కాలిస్తే నలభై ఏడు, నలభై ఎనిమిది దొరుకుతాయి. క్లబ్బులో నాకు పిసినారి అని పేరు. ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని గాని వంటింట్లోకి వెళ్ళను. సీసం పొడి కంటికి కనపడదు, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

కొనే ఉద్దేశం ఉన్నవారికి ఒక మాట. గ్రీన్‌కార్డు ఉన్నవారు ఫారం నింపి, నంబరు చూపించి డీలరు దగ్గర కొనవచ్చు. పిస్తోలుకైతే 21 ఏళ్ళు నిండాలి. హెచ్-1, విద్యార్థి వీసాల మీద ఉన్నవారికి 1998 నుంచి కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ గాని తూటా గాని దగ్గర ఉంచుకోవటం నిషేధం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చటం కూడా ఇందులోకే వస్తుంది కనక, వీసా మీద ఉన్న తమ్ముళ్ళు స్నేహితుల మాట విని సరదాకు వెళ్ళేముందు వకీలును అడగటం మంచిది. రాష్ట్రాల చట్టాలు వేరే, వాటిని విడిగా చూసుకోవాలి.

చూడాలనుకున్నవాళ్ళు, పౌరులు గాని గ్రీన్‌కార్డువాళ్ళు గాని, నెలలో రెండో శనివారం పొద్దున మా క్లబ్బుకు రావచ్చు. ముందురోజు ఫోను చెయ్యండి, చెవిమూతలు, కళ్ళద్దాలు నా దగ్గర అదనంగా ఉన్నాయి. తూటాలు నేనే తెస్తాను, మనిషికి ఎనిమిది. ఖాళీ గుల్లలు మాత్రం ఏరి నాకివ్వాలి.